తిప్పక్క మోసిన గడ్డపార

నేను ఒక గడ్డపారను. మనుషులు నన్ను పట్టుకుని నేలను పొడుస్తారు, పనయ్యాక గోడకు ఆనించి మరిచిపోతారు. దానికి నేనేమీ బాధపడను. ఇనుముకు మర్యాదలెందుకు? రాయచోటిలో ఒక కమ్మరి విరిగిన బండి ఇరుసును కొలిమిలో ఎర్రగా కాల్చి, సాగగొట్టి నన్ను చేశాడు. బావులు తవ్వే వడ్డెర చౌడప్ప నన్ను కొన్నాడు. అతని చేతిలో పదేళ్లున్నాను.

ఆ పదేళ్లలో చివరి మూడేళ్లు వాన పడలేదు. కొత్త బావి తవ్వించే ధైర్యం ఏ రైతుకూ లేకపోయింది. చౌడప్ప పని లేక అరుగు మీద కూర్చున్న రోజుల్లో ఊళ్లోకి ఒక కబురు వచ్చింది. పడమర, కోలారు దగ్గర, దొరలు భూమిలోంచి బంగారం తీస్తున్నారట. గడ్డపార పట్టగలిగిన వాళ్లందరికీ పని ఉందట. కబురు ఎవరు తెచ్చారో ఎవరికీ తెలియదు. అయినా నెల తిరగకముందే ఊళ్లకు ఊళ్లు కదిలాయి. తిండి లేక లేవలేని వాళ్లు కూడా బంగారమనేసరికి లేచి నడిచారు.

మా గుంపులో నలుగురు. చౌడప్ప, అతని భార్య తిప్పక్క, తమ్ముడు గంగులప్ప, మల్లి అనే ఆడగాడిద. నన్ను గిన్నెలతో, జొన్నల మూటతో కలిపి మల్లి వీపున కట్టారు కాబట్టి నన్ను లెక్కలోకి తీసుకోలేదు. తిప్పక్క మనుషులతో పెద్దగా మాట్లాడేది కాదు. మల్లితో మాత్రం దారి పొడుగునా ఏదో ఒకటి చెబుతూనే ఉండేది.

మదనపల్లె దాటాక ఊళ్లు మారిపోయాయి. బావుల చుట్టూ ముళ్లకంప వేసి, కర్రలు పట్టుకుని మనుషులు కాపలా కాస్తున్నారు. దోవన పోయేవాళ్లు వాంతిభేదులు మోసుకొస్తారని వాళ్ల భయం. ఆ భయంలో అబద్ధం లేదు. దోవన పోయేవాళ్లకు కూడా ఒకరంటే ఒకరికి గిట్టేది కాదు. ఎవరైనా పడిపోతే ఆగేవాళ్లు లేరు. పడినవాడి ఊపిరి పోకముందే వాడి మూట మాయమయ్యేది.

పుంగనూరు దాటిన రెండో రోజు పొద్దున చౌడప్ప పడిపోయాడు. కడుపులో ఏమీ నిలవడం లేదు. కళ్లు లోపలికి పోయాయి. అతన్ని ఒక కానుగ చెట్టు కింద పడుకోబెట్టి తిప్పక్క దగ్గరి ఊరికి పరుగెత్తింది. కాపలావాడు ఆమెను ముళ్లకంప అవతలే ఆపాడు. ఒక్క చెంబెడు చాలని, తాను ముట్టుకోనని, వాళ్లే తోడి పోస్తే చాలని బతిమాలింది.

"మీ జబ్బు మా బాయిలో కలపొద్దు. అదో, వాగుండాది. తవ్వుకో పో," అన్నాడు వాడు.

వాగంతా ఇసుకే. తిప్పక్క వెనక్కి వచ్చి నన్ను పట్టుకుంది. అదే మొదటిసారి. అంతవరకూ మగవాళ్లు తవ్వితే ఆమె మట్టి మోసేది. పొడిచిన చోటల్లా ఇసుక జారి గుంత పూడుకుపోతుంటే మళ్లీ పొడిచింది. గంగులప్ప రెండు చేతులా ఇసుక తోడాడు. నడుముల్లోతు అయింది. మనిషిలోతు అయింది. ఎండ నెత్తిమీదికొచ్చేసరికి అడుగున తడి తగిలింది, ఆ తర్వాత బురద నీళ్లు ఊరాయి.

గంగులప్ప తోలు తిత్తి నింపుకుని పైకెక్కాడు. అన్నకు పోస్తాడని ఆమె అనుకుంది. అతను తిత్తిని మల్లి వీపున కట్టి, కానుగ చెట్టు వైపు కాకుండా దోవ వైపు తిప్పాడు.

"వదినా, అన్న బతకడు. నువ్వన్నా రా, పోదాం."

"ఇంకా పాణముండాది గదా."

"రాకుంటే నీ ఇష్టం."

మల్లి రెండుసార్లు వెనక్కి తిరిగింది. రెండుసార్లూ అతను దాన్ని కొట్టాడు.

ఈలోగా దోవన పోయేవాళ్లు నీళ్లను చూశారు. ఒకరి మీద ఒకరు పడుతూ గుంతలోకి దూకారు. తిప్పక్క కొంగు తడుపుకుని బయటపడేలోపు గట్లు విరిగి గుంత సగం పూడిపోయింది. ఆమె తడి కొంగును చౌడప్ప నోట్లో పిండింది. అతను కళ్లు తెరిచి తమ్ముని కోసం వెతికాడు.

"గంగులు యాడ?"

"నీళ్లకు పోయినాడు. వచ్చేస్తాడు."

"ఎండలో... పాపం," అన్నాడు చౌడప్ప. పొద్దు వాలకముందే పోయాడు.

చెట్టు కింద నేల రాయిలా ఉంది. సాయానికి ఒక్కరూ రాలేదు. నక్కలు తోడకుండా ఉండేంత లోతు తిప్పక్క ఒక్కతే తవ్వింది. ఆమె అరచేతుల తోలు ఊడి నాకు అంటుకుంది. పూడ్చిపెట్టాక నన్ను భుజాన వేసుకుని దోవలో నిలబడింది. ఇంటికి పోవాలంటే తూర్పు. ఆమె పడమరకే నడిచింది.

ఎక్కడ ఏం తిన్నదో చెప్పడం మొదలుపెడితే మీకు అన్నం సహించదు. తొమ్మిదో రోజున గనులు చేరాం. కొండలా పోసిన రాళ్లు, పొగ గొట్టాలు, తడికల గుడిసెలు. వడ్డెర్ల గుడిసెలు ఎక్కడని అడుక్కుంటూ పోయి, కులపెద్ద నరసింగప్ప వాకిట్లో నిలబడింది. ఆమె పేరు చెప్పగానే అక్కడి ఆడవాళ్లు వెనక్కి జరిగారు. అన్నావదినలు ఇద్దరూ పోయారని, తన చేతులతోనే పూడ్చానని గంగులప్ప అందరికీ చెప్పాడట. దినం కూడా పెట్టాడట.

గంగులప్పను పిలిపించారు. ఆమెను చూడగానే అతని మొహం పాలిపోయింది. నిజం ఒప్పుకుంటే కులం వెలి వేస్తుంది.

"ఈమె ఎవురో నాకు తెలీదు. మా వదిన సచ్చిపోయింది."

తిప్పక్క వాదించలేదు. గుడిసెల చివర కట్టేసి ఉన్న గాడిదల వైపు తిరిగి, మెల్లగా "మల్లీ" అంది. మల్లి గుంజ పీక్కుని, తాడు ఈడ్చుకుంటూ వచ్చి ఆమె చంకలో తల దూర్చింది. దాని వీపు నిండా దెబ్బలు.

"గొడ్డుకుండే గుర్తు నీకు లేకపాయె గదరా," అన్నాడు నరసింగప్ప.

గంగులప్ప కూలబడ్డాడు. తిప్పక్క నన్నెత్తి అతని తల మీద వేస్తుందని అందరూ అనుకున్నారు. దాచడమెందుకు, నాకూ ఆ ఆశ ఉంది. ఆమె నన్ను నేల మీద పడేసి అతని ఎదుట కూర్చుంది.

"నీళ్లకు పోయినావని చెప్పినా. మీ అన్న నిన్ను తిట్టుకోలేదు. ఎండలో పోయినావని జాలిపడి పోయినాడు. ఈ మాట నీకు చెప్పల్లనే ఇంత దూరం నడిచినా."

మల్లి తాడు చేతికి చుట్టుకుని లేచింది. నన్ను అక్కడే వదిలేసింది.

గంగులప్పను కులం వెలివేసింది. అతను నన్ను తీసుకుని గనిలోకి దిగాడు. మూడేళ్లు బంగారముండే తెల్లరాయిని పొడిచాం. నా మొన విరిగింది. ఇప్పుడు గని కొలిమి వెనుక తుక్కు కుప్పలో ఉన్నాను. అతను రోజూ ఇటే పోతాడు. కుప్ప పక్కనున్న నీళ్ల తొట్టి దగ్గర ఆగుతాడు. మిగతా కూలీలందరూ తాగి వెళ్లేదాకా చూసి, తను తాగకుండానే వెళ్లిపోతాడు.