పాపక్క దిగులు, అంబిక విమానం

2025 అక్టోబరు ఒకటి, బుధవారం. బెంగళూరులో పొద్దుటి నుంచి మబ్బు, పడీ పడనట్టు తుంపర. ఆయుధపూజ కాబట్టి చందాపుర వీధుల్లో ఆటోలు, లారీలు అరటి పిలకలు కట్టుకొని పెళ్లికొడుకుల్లా నిలబడ్డాయి. గురుమూర్తి షెడ్డులోనూ ఏటా జరిగినట్టే పూజ జరిగింది. రంపానికి, ఆకురాయికి, చివర్లో మేనకోడలు అంబిక తయారుచేసిన రిమోట్ విమానానికి. పూజ చేసింది అంబిక తల్లి, అంటే గురుమూర్తి చెల్లెలు పాపక్క.

పాపక్క దేని గురించి దిగులు పడితే అది బరువెక్కుతుంది. పాలు విరుగుతాయేమో అనుకుందంటే గిన్నె దించడానికి ఇద్దరు కావాలి. కూతురు పరీక్షకు పోయిన రోజు సిల్క్‌బోర్డు దగ్గర సిటీ బస్సు కదలనే లేదు. అక్కడి ట్రాఫిక్‌లో బస్సు కదలకపోవడానికి ఎవరి దిగులూ అక్కర్లేదనుకోండి, అది వేరే సంగతి.

గురుమూర్తి విమానాల ఫ్యాక్టరీలో రిటైరైన బ్రహ్మచారి. చేతులు వణుకుతున్నాయని షెడ్డు ఎవరికైనా ఇచ్చేద్దామనుకున్నాడు. తమ్ముడి కొడుకు గిరీష్ దాన్ని పడగొట్టి అద్దెకిచ్చే పీజీ హాస్టలు కడతానన్నాడు. అంబిక ఉద్యోగం మానేసి అక్కడ పిల్లలకు విమానాలు చేయడం నేర్పుతానంది. గురుమూర్తి ఒక షరతు పెట్టాడు. అంబిక విమానం గాల్లోకి లేచాక రిమోటు కింద పెట్టేయాలి. ఆయన తమలపాకుకు సున్నం రాసి నోట్లో వేసుకునేదాకా అది తిన్నగా పోవాలి. తూకం సరిచేయడానికి సీసం ముక్కలు, రాళ్లు అతికించకూడదు. పోతే షెడ్డు ఆమెది, లేకుంటే గిరీష్‌ది.

పూజ అయ్యాక నలుగురూ సర్జాపుర దారిలోని మైదానానికి చేరారు. అంబిక విమానాన్ని రెండు రెక్కల కింద వేలికొసల మీద నిలబెట్టి తూకం చూసింది. తోక వాలిపోయింది.

“రాత్రి సరిగ్గానే ఉండె మామా!”

“పూజకు ముందా, తర్వాతా?”

అంబిక నాలుక కరుచుకుంది. ముందున్న ఫ్యానుకు వేళ్లు తెగుతాయని పాపక్క గంధమంతా తోకకే దట్టంగా పూసింది. తోక బరువైతే విమానం లేస్తూనే ముక్కు పైకెత్తి, ఊపు పోయి కూలుతుంది. పూజగంధం ఆ రోజే తుడవడమా? ఆ మాట ఎవరూ ఎత్తనే లేదు.

“పీజీకి అంబికా నిలయ అని నీ పేరే పెడతాలే, బాధపడొద్దు” అన్నాడు గిరీష్.

“నోరు ముయ్యి బావా.” అంబిక తల్లి వైపు తిరిగింది. “అమ్మా, తుంపర పడతా ఉండాది. మోటారుండేది ఈ ముక్కులోనే. నీళ్లు దిగితే ఏం గతి?”

“అయ్యో, ముందే చెప్పకూడదా! కాలిపోతాదా? పైన పోతా పోతా నిలిచిపోతే?”

ముక్కు మెల్లగా దిగింది.

“ఎవురి తల మీదన్నా పడితే?”

ముక్కు నేలవైపు తిరిగింది. జారబోతున్న విమానాన్ని అంబిక పొట్టకు ఆనించి పట్టుకుంది.

“చాలమ్మా, చాలు! టేపు వేసినా. ఊరికే కొంచెం తడుస్తాది, అంతే.”

“నిజంగానా?”

“నీ మీదొట్టు.”

పాపక్క ఊపిరి పీల్చుకుంది. ఆ ‘కొంచెం’ మాత్రం ఆమె మనసులో మిగిలింది. విమానం వేలికొసల మీద పీటలా నిలిచింది.

“పెదనాయనా, ఇది మోసం! బరువు పెట్టకూడదంటివి కదా?”

“తల్లి దిగులు అతికించిన బరువంటే ఎట్లరా? అది కూతురు పుట్టిన పొద్దు నుంచీ ఉండేదే.”

విమానం లేచింది. అంబిక రిమోటును గడ్డిలో పెట్టింది. గురుమూర్తి సున్నం రాయబోతే వేలు వణికి ఆకు చిరిగింది. ఇంకో ఆకు తీశాడు.

“తొందరగా కానీ మామా!”

“నా చెయ్యి నా మాట వింటే కదమ్మా.”

పాపక్క కొంగు తల మీద కప్పుకొని, ఆ ముక్కును తప్ప ఇంకేమీ చూడలేదు. విమానం గీత గీసినట్టు పోతూనే ఉంది. ఆకు నోట్లో పడ్డాకే అంబిక రిమోటు ఎత్తి దాన్ని వెనక్కి తిప్పింది.

షెడ్డు, పనిముట్లు అంబికకు వచ్చాయి. గురుమూర్తి పాత స్కూటరు గిరీష్‌కు వచ్చింది, తోసుకుంటూ తీసుకుపోయాడు. పాపక్కకు ఏమీ రాలేదు. ఇవ్వాలని ఎవరికీ తోచలేదు కూడా. దాని గురించి ఆమెకు దిగులేమీ లేదు. ఉండుంటే ఆ షెడ్డు ఈపాటికి నేలలోకి దిగిపోయేది.