దిద్దిన వాక్యం

"నో మాస్క్ సార్. టవల్," అంది కోటేశ్వరి మూడోసారి కూడా. భుజం మీది తువ్వాలు తీసి, నమ్మకం కుదరడానికన్నట్టు దులిపి మరీ చూపించింది. బూడిదరంగు పొడి లేచి ముందు వరసలో కూర్చున్నవాళ్ల మొహాల మీద పడింది.

ఉపేంద్ర చేతిలో ఉన్న ఫోను విసిరికొట్టినంత పని చేశాడు. తెల్లారితే పై దేశం నుంచి రాళ్లు కొనే కంపెనీ మనిషి వస్తోంది. దాచేపల్లి రోడ్డు పక్కన నాపరాళ్లు కోసి పాలిష్ పట్టే ఆ యూనిట్ ఉపేంద్ర తండ్రి బ్రహ్మానందంది. పెద్ద ఆర్డరు ఖాయం కావాలంటే వచ్చే మనిషి పనివాళ్లతో మాట్లాడాలి, వాళ్లు ఏ లోటూ లేకుండా ఉన్నారని ఆవిడకి నమ్మకం కలగాలి. ఆవిడ ఏమడుగుతుందో, దానికి ఏం జవాబు చెప్పాలో ఉపేంద్ర ముందే రాసి ఫోన్లో పెట్టుకున్నాడు. అందరూ చిలకల్లా అప్పజెప్తున్నారు. ఈ కోటేశ్వరి ఒక్కతే మొరాయిస్తోంది.

రాళ్లు మోసేవాళ్లకీ, కోసేవాళ్లకీ సాయంత్రం పూట ఇంగ్లీషు నేర్పిస్తున్నాడని బ్రహ్మానందాన్ని ఊళ్లో చాలామంది మెచ్చుకున్నారు. ఒకాయన శాలువా కూడా కప్పాడు. అసలు సంగతి వేరు. పోయినేడు వచ్చిన కంపెనీవాళ్లు వెంట తెలుగు తెలిసిన కుర్రాణ్ణి తెచ్చుకున్నారు. వాడు పనివాళ్ల పక్కన గొంతుక్కూర్చుని, టీ తాగుతూ, ఎట్టా ఉంది బాబాయ్ పని అని అడిగేసరికి, ఎవరూ అడగని మాట అడిగాడు కదా అని వాళ్లు కడుపులో ఉన్నదంతా చెప్పేసుకున్నారు. ఆర్డరు సగానికి సగం పోయింది. అందుకని ఈసారి మా వాళ్లకే ఇంగ్లీషు వచ్చు, మధ్యలో మనిషి అక్కర్లేదని ఉపేంద్ర ముందుగానే కబురు పంపాడు. సొంత భాషలో అయితే మనిషి ఎక్కడో ఒకచోట నోరు జారతాడు, పరాయి భాషలో నేర్పినంతే పలుకుతాడు. బెంగళూరులో చదివిన చదువు ఆ మాత్రమైనా అక్కరకొచ్చింది ఉపేంద్రకి.

ఇక పాఠం చెప్పే గోపిక సంగతి. బ్రహ్మానందానికి ఊళ్లో ఇంగ్లీషు మీడియం స్కూలు ఒకటుంది. అందులో ఆ అమ్మాయి మూడేళ్లుగా టెంపరరీ టీచరు. జీతం తొమ్మిది వేలు, అదీ సెలవుల్లో ఉండదు. ఈ క్లాసు సరిగ్గా గట్టెక్కిస్తే జూన్ నుంచి పర్మనెంట్ చేస్తానని బ్రహ్మానందం మాటిచ్చాడు. ఆమె తండ్రి మల్లికార్జున కూడా బ్రహ్మానందం లారీయే తోలుతాడు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది బ్రహ్మానందం చేతి చలవతోనే. ఆ సంగతి ఆయనా మర్చిపోడు, వాళ్లనీ మర్చిపోనివ్వడు.

"మేడం, తప్పు చెప్తుంటే చూస్తా నిలబడతారేంది? దిద్దండి," అన్నాడు ఉపేంద్ర.

దిద్దడం గోపికకి కొత్త కాదు. మొదట్లో ఈ షెడ్డులో కూడా స్కూల్లో పిల్లల్ని దిద్దినట్టే దిద్దింది. మాట మాటకీ అడ్డుపడి, అది కాదు ఇది అంటూ. వారం తిరిగేసరికి షెడ్డు మొత్తం మూగబోయింది. అందరికంటే ఎక్కువ మాట్లాడే కోటేశ్వరి వెనక వరసకి పోయి, పైట నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. అప్పుడు పెదకోటయ్య, అందరిలోకీ వయసులో పెద్దవాడు, కొంచెం మొహమాటపడుతూనే చెప్పాడు. పూర్తిగా అననియ్యి మేడం, సగంలో కోస్తే ఏం చెప్పబోయామో మాకే మతికి రాకుండా పోయిద్ది అని. గోపికకి సిగ్గేసింది. ఆ రోజు నుంచి పద్ధతి మార్చింది. చెప్పేవాళ్లని చివరిదాకా చెప్పనిస్తుంది. వాళ్లు ఏమనబోయారో పట్టుకుని, అదే మాటని సరైన ఇంగ్లీషులో నెమ్మదిగా తిరిగి చెప్తుంది. చెయ్యెత్తుతుంది. అప్పుడు అందరూ కలిసి రెండుసార్లు అంటారు. తప్పు ఎవరిదన్న ప్రసక్తే రాదు. దిద్దడమంటే ఎదుటివాళ్ల మాటని దుమ్ము తుడిచి వాళ్ల చేతికే ఇవ్వడమని ఆ షెడ్డులోనే ఆమెకి తెలిసింది. గోడకి ఆనించిన పాలిష్ రాయి మీద సుద్దముక్కతో రాస్తూ, ఇన్నేళ్లలో మొదటిసారి తాను టీచర్నని అనుకుంది.

ఇప్పుడు ఉపేంద్ర దిద్దమంటున్నది ఆ దిద్దడం కాదు. అది ఆమెకీ తెలుసు, షెడ్డులో అందరికీ తెలుసు. మాస్కులు ఇస్తారా అని అడిగితే రోజూ ఇస్తారని చెప్పాలట. అక్కడ కూర్చున్నవాళ్లలో ఒక్కరి కనుబొమలు కూడా నల్లగా లేవు.

గోపికకి జూన్ గుర్తొచ్చింది, నాన్న గుర్తొచ్చాడు. కోటేశ్వరి వైపు చూడకుండా, రోజూ చెప్పే ఆ మెత్తని గొంతుతోనే, "యస్ సర్. వుయ్ గెట్ మాస్క్స్ ఎవ్రీ డే," అని చెప్పి చెయ్యెత్తింది.

అందరూ రెండుసార్లు అన్నారు. కోటేశ్వరి కూడా అంది. అందరి తర్వాత, కొంచెం ఆలస్యంగా.

బాగుంది, రేపు కూడా ఇట్లాగే ఉండాలని చెప్పి ఉపేంద్ర కారెక్కాడు.

ఆటో కోసం రోడ్డు దాకా నడవాలి. సున్నపురాయి లారీలు వరసగా పోతున్నాయి. కోటేశ్వరి పక్కనే నడిచింది. షెడ్డులో ఉన్నంతసేపూ మేడం అంటుంది, గేటు దాటితే అమ్మాయ్ అంటుంది. గోపికకి ఆమె పిన్ని వరస.

"పిన్నీ, రేపు ఒక్కరోజు ఆ మాట అనెయ్యకూడదా?" అంది గోపిక. ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

కోటేశ్వరి భర్త శ్రీను అదే యూనిట్లో కట్టర్ మిషన్ పట్టేవాడు. రాయి అంచులు పొడిగా కోయడం అతని పని. నీళ్లు పోస్తూ కోస్తే దుమ్ము లేవదు, కానీ పని ఆలస్యమవుతుందని పొయ్యనిచ్చేవాళ్లు కాదు. ఎనిమిదేళ్లు కోశాడు. ఒకరోజు రాయి ఎత్తబోయి ఎత్తలేక అక్కడే కూలబడ్డాడు. బీడీలు తాగి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడని బ్రహ్మానందం తేల్చేశాడు. శ్రీను జన్మలో బీడీ ముట్టలేదు. ఇప్పుడు మంచం దిగి గుమ్మం దాకా రావాలంటే మధ్యలో ఒకసారి ఆగాలి. అతని బదులు కోటేశ్వరి పనికొస్తోంది.

"నువ్వు అనమంటే అంటాలే అమ్మాయ్," అంది కోటేశ్వరి. "నువ్వెప్పుడూ నాకు తప్పు చెప్పలా. ఇక్కడ నేర్చుకుంది రోజూ ఇంటికి పోయి మీ బాబాయికి చెప్తా. ఆయనకదో కాలక్షేపం. మంచంలో పడుకుని నాతో పాటు అంటాడు, ఊపిరందినంతవరకు. ఇయ్యాల పోంగానే అడుగుతాడు, ఏం నేర్చుకున్నావే అని. ఏం చెప్పను? మాస్కులు రోజూ ఇస్తారంట, అను అని చెప్పనా?"

ఆటో వచ్చి ఆగింది. ఇద్దరూ ఎక్కారు.

ఇంట్లో మల్లికార్జున అన్నం తింటూ ఆ రోజు సంగతులు చెప్పాడు. నరసరావుపేటలో లోడు దించి వస్తూ మాస్కుల డబ్బా తెచ్చాడట, చిన్న సావుకారు ఉపేంద్ర పురమాయించాడట. రేపు మధ్యాహ్నానికల్లా వాడనివి ఏరి షాపులో తిరిగిచ్చెయ్యమన్నాడని నవ్వాడు. నవ్వుతూనే కూతురి కంచం వైపు చూశాడు. అందులో ముద్ద కదల్లేదు.

"ఏందమ్మా, ఒంట్లో బాలేదా?"

బానే ఉంది నాన్నా అని గోపిక చెయ్యి కడుక్కుంది.

మర్నాడు షెడ్డుని చూస్తే పెళ్లికి ముస్తాబు చేసినట్టుంది. నేలంతా నీళ్లతో కడిగారు. కట్టర్లన్నీ ఆపేసి, నీళ్లు పోస్తూ నడిచే పెద్ద రంపం ఒక్కటే నడిపిస్తున్నారు. అందరి మొహాలకీ తెల్లటి కొత్త మాస్కులు. అలవాటు లేక కొందరికి కళ్లజోడులా పైకెక్కుతున్నాయి, కొందరికి గడ్డం కిందకి జారుతున్నాయి. ఇస్త్రీ చొక్కాలో బ్రహ్మానందం గేటు దగ్గర నిలబడి నవ్వు సిద్ధం చేసుకుంటున్నాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు. థాంక్యూ, వెల్‌కమ్ దాటితే కొడుకు వైపు చూస్తాడు.

వచ్చినావిడ పొడుగ్గా, నెరిసిన జుట్టుతో ఉంది. కొబ్బరినీళ్లు వద్దంది. యూనిట్ అంతా తిరిగి చూసి, పనివాళ్లతో మాట్లాడాలని షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుంది. గోపిక పాలిష్ రాయి పక్కన నిలబడింది. సుద్దముక్క చేతిలోనే ఉంది.

పెదకోటయ్య ఒక్క పొల్లు పోకుండా చెప్పాడు. తర్వాతివాళ్లు కూడా చెప్పారు. పనివేళలు బాగున్నాయి, జీతం సమయానికి వస్తుంది, మాస్కులు రోజూ ఇస్తారు. ఉపేంద్ర ప్రతి జవాబుకీ తలూపుతున్నాడు. కానీ నలుగురైదుగురు అవే మాటలు అదే రాగంలో చెప్పేసరికి ఆవిడకి అనుమానమొచ్చినట్టుంది. అడగాల్సినవి పక్కనబెట్టి, కోటేశ్వరి వైపు తిరిగి, మీ ఇంట్లో ఎవరెవరుంటారు, మీ ఆయన ఏం చేస్తారు అని చిన్న చిన్న ఇంగ్లీషు మాటల్లో, మామూలుగా, పలకరింపుగా అడిగింది.

ఫోన్లో లేని ప్రశ్న అది. ఉపేంద్ర కుర్చీ అంచుకి జరిగాడు.

కోటేశ్వరి లేచి నిలబడింది. మాస్కు గడ్డం కిందకి లాగింది.

"మై హస్బెండ్..." అని ఆగింది. గోపిక వైపు చూసింది. గోపిక అడ్డుపడలేదు. సగంలో కోయకూడదు కదా. "మై హస్బెండ్ వర్క్ హియర్ మేడం. డస్ట్ ఈట్. మాస్క్ నో. నౌ బ్రీత్ నో."

ఆవిడకి అర్థం కాలేదు. కోటేశ్వరి పలికిన తీరు అలాంటిది మరి. చెవి దగ్గరికి చెయ్యి తెచ్చుకుని, మళ్లీ చెప్పమంది. ఈలోపు ఉపేంద్ర గట్టిగా నవ్వేశాడు. కొత్తగా నేర్చుకుంటున్నారు, తప్పులు సహజమని ఆవిడకి సర్దిచెప్పి, ఇటు తిరిగి, "టీచర్, ప్లీజ్ కరెక్ట్ హర్," అన్నాడు. అతని గొంతులో కంగారు లేదు. నిన్న దిద్దింది కదా, ఇయ్యాలా దిద్దుతుందని ధీమా.

భయం లేదని గోపిక ఎప్పుడూ చెప్పుకోలేదు. తండ్రి చేతిలోంచి లారీ తాళం తీసుకునే బ్రహ్మానందం చెయ్యి కళ్ల ముందు కదిలింది. కోటేశ్వరి ఇంకా కూర్చోలేదు. తాను చెప్పాల్సింది చెప్పేసి, తన మాటని మేడం బాగుచేసి ఇస్తుందని రోజూ చూసినట్టే చూస్తోంది. ఆ చూపులో ఫిర్యాదు లేదు, బతిమాలడం లేదు. పాఠం కోసం ఎదురుచూడ్డమే ఉంది.

గోపిక సుద్దముక్క రాయి అంచున పెట్టింది.

"మై హస్బెండ్ వర్క్డ్ హియర్," అంది నెమ్మదిగా, ఒక్కో మాటా విడివిడిగా. "హీ బ్రీద్డ్ ఇన్ ద డస్ట్. హీ హాడ్ నో మాస్క్. నౌ హీ కెనాట్ బ్రీద్."

కోటేశ్వరి అనని మాట ఒక్కటి కలపలేదు. అన్న మాట ఒక్కటి వదల్లేదు. అన్ని వాక్యాలూ అయ్యాక, రోజూలాగే చెయ్యెత్తింది.

ఎవరూ నోరు విప్పలేదు. ఉపేంద్ర మొహంలో రక్తం దిగిపోయింది. మేడం, అన్నాడు, పళ్లు బిగించి. కుర్చీలో ఉన్నావిడ ముందుకి వంగింది.

కొడుకు కుర్చీ వెనక నిలబడ్డ బ్రహ్మానందానికి ఇదేమీ తెలియదు. మధ్యలో మాస్క్ అన్న ముక్క ఒక్కటి చెవిన పడింది. నిన్న కొడుకు చెప్పిన పాఠమే అయ్యుంటుంది. అందరూ బిగుసుకుపోయి ఉండటం చూసి, పని చెడగొడతారేమోనని ఆయనే కల్పించుకున్నాడు.

"ఏందమ్మా, దిద్దావా?"

"దిద్దానండి," అంది గోపిక.

"మరింకేం, అనిపియ్యి అందరి చేత. గట్టిగా అనండయ్యా, సిగ్గేంది?"

మొదట కోటేశ్వరి అంది. ఈసారి తడుముకోలేదు. పెదకోటయ్య మాస్కు కిందకి లాగాడు. అతని పక్కనున్న మనిషి లాగాడు. వెనక వరసలో ఆడవాళ్లు లాగారు. కొత్త మాస్కులన్నీ గడ్డాల కిందకి దిగాయి, షెడ్డు రేకులు అదిరేలా అందరూ ఒక్క గొంతుతో అన్నారు. మై హస్బెండ్ వర్క్డ్ హియర్. మగవాళ్లూ అలాగే అన్నారు. ఎవరికీ నవ్వు రాలేదు.

బ్రహ్మానందం మా వాళ్లు చూశారా అన్నట్టు వచ్చినావిడ వైపు తిరిగి తృప్తిగా తలాడించాడు. ఆవిడ ఆయన్ని చూడటం లేదు. అప్పుడు కొడుకు వైపు చూశాడు. చూసి, ఆ నవ్వు మొహం మీద అలాగే ఉండగా, గోపిక వైపు తిరిగాడు.

దిద్దిన మాట రెండుసార్లు అనడం ఆ క్లాసులో అలవాటు. గోపిక మళ్లీ చెయ్యెత్తింది.