ఫోర్‌మన్ నాకిన ఆరు పుస్తకాలు

మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకు బైండింగ్ షాపు యజమాని పిల్లిని పంపించేయమన్నాడు. గడువు సాయంత్రం ఆరు. ముందు రోజు ఆరబెట్టిన లైబ్రరీ పుస్తకాల్లో ఆరింటి అట్టలు ఊడిపోయి ఉన్నాయి. జిగురంతా పిల్లి నాకేసింది.

పిల్లిని అందరూ ఫోర్‌మన్ అంటారు. ఎవరు పని చేస్తున్నా పక్కన కూర్చుని చూస్తుంది, కాలు మాత్రం కదపదు. రెండేళ్ల కిందట దాన్ని సంచిలో తెచ్చింది జిగురక్క. పిండి ఉడికించి జిగురు కాచేది ఆవిడే. ఆవిడ అద్దెకుండే గదిలో జంతువుల్ని ఉండనివ్వరు. షాపులోంచి పోతే ఫోర్‌మన్‌కి ఇక వీధే గతి.

యజమాని లోపలికి వెళ్లాడు. పనివాళ్లు ముగ్గురూ క్యారేజీలు విప్పారు. జిగురక్కకు ముద్ద దిగలేదు.

"దిగులు పడకమ్మా," అన్నాడు పుస్తకాలు కుట్టే ముసలాయన, కుట్టుమామ. "పిల్లి నాకి ఊరుకుంది. మా మేకైతే పుస్తకమే నమిలేసేది. అదీ లెక్కల పుస్తకమే."

"దాని ముందు నువ్వే పెట్టుంటావ్ మామా," అన్నాడు కటింగ్ మిషన్ నడిపే బ్లేడు.

"పెట్టాననుకో. తినమని బతిమాలానా?"

"మా కుక్క అంతకంటే ఘనం. దొంగొస్తే తోక ఊపుతుంది. మా మామగారొస్తే మాత్రం అరిచి ఇల్లు పీకి పందిరేస్తుంది."

"మాకు బాతుండేది," అన్నారెవరో.

గుమ్మంలో యజమాని, చేతిలో నీళ్ల సీసా.

"నేను బడి నుంచి రాగానే మేజోడు లాగేసేది. ఎడమ కాలిదే."

"కుడిది సార్?" అన్నాడు బ్లేడు.

"కుడిది దానికి పట్టేది కాదు."

యజమాని స్టూలు లాక్కుని కూర్చున్నాడు. జిగురక్కకు ప్రాణం లేచొచ్చింది.

"మా ఫోర్‌మన్ తక్కువదా సార్! మైలుతుత్తం కలిపిన జిగురైతే వాసన చూసి పక్కకు పోతుంది. మూతి పెట్టదు."

పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలపడం ఆ షాపులో మొదటి నుంచీ ఉన్న పద్ధతి. కలపాల్సింది జిగురక్కే.

యజమాని సీసా కింద పెట్టాడు. "మరి నిన్నటిది ఎలా నాకింది?"

కుట్టుమామ క్యారేజీ గిన్నెలోకి తల దించేశాడు.

"కలపలేదు సార్," అంది జిగురక్క. "మొన్న జిగురు గిన్నె దగ్గర వాసన చూస్తోంది. పక్కకే పోయింది గానీ నాకు గుండె జారిపోయింది. విషం కదా."

"పొద్దున్నే ఎందుకు చెప్పలేదు?"

"పని పోతుందేమోనని."

"పిల్లి పోతే ఫర్వాలేదా?"

జిగురక్క కళ్లొత్తుకుంది.

"సార్, ఆ బాతు పేరేంటి?" అన్నాడు బ్లేడు.

"నువ్వు నోరు మూసుకుని తిను." యజమాని లేచాడు. "అమ్మా, ఆ ఆరూ నువ్వే మళ్లీ అంటించు. మైలుతుత్తం వేసి. ఇక నుంచి జిగురు గిన్నెకు మూత, తడి పుస్తకాలు లోపలి గదిలో."

"మరి ఫోర్‌మన్?"

"అంటించడం కానీ ముందు."

అయిదూ యాభైకి ఆరు పుస్తకాలూ లోపలి గదిలో ప్రెస్సు కింద ఉన్నాయి. ఆ గది తలుపు యజమాని తనే గడియ పెట్టి, రెండుసార్లు లాగి చూశాడు. ఆరుగంటల అయిదు నిమిషాలకు షట్టరు దించి తాళం వేశాడు. ఫోర్‌మన్ లోపలే, ముందు గదిలో, ఆయన కుర్చీలో ఉంది.