శుక్రవారపు చెమ్మ

నేను పడుకునే గది కప్పు మీద చెమ్మ శుక్రవారం పొద్దునే కనిపించేది. మిగతా రోజుల్లో అక్కడ సున్నం మీద పాత మరక ఒకటి ఉండేది, అంతే. శుక్రవారం తెల్లారేసరికి అది నల్లబడి, మంచం కాళ్ల దగ్గర ఒకటి రెండు చుక్కలు రాల్చేది. ఆదివారానికి ఆరిపోయేది. నీళ్లకు వారాలు ఎలా తెలుస్తున్నాయో నాకు అర్థమయ్యేది కాదు.

ఇది డెబ్భై నాలుగులో మాట. మద్రాసు తిరువొత్తియూరులో ఆ ఇల్లు మా అక్క రాజలక్ష్మిది. కింది వాటాలో నేనూ హైమా చాలాకాలం కాపురమున్నాం. హైమ పోయాక నేనొక్కణ్ణే ఉండిపోయాను. మేడమీద చెంగమ్మగారూ, మనలి ఫ్యాక్టరీలో పనిచేసే ఆమె కొడుకూ, కోడలు పుష్పవల్లీ అద్దెకుండేవారు. వాళ్ల స్నానాల గది సరిగ్గా నా గది మీద. అందులో అక్క తెల్లటి గ్లేజు టైల్సు వేయించింది. ఆ వీధిలో అవే మొదటివని ఆవిడకు గొప్ప.

చెమ్మ సంగతి తెలిసి అక్క జార్జిటౌన్ నుంచి వచ్చి కప్పుకేసి చూసింది.

"చూస్తివా, శుక్రవారం! ఆ అమ్మి తలకి పోసుకునే దినం. అండాలకి అండాలు కుమ్మరిస్తా ఉంది. నెలాఖరుకి ఖాళీ చెయ్యమని చెప్పేసినా."

"అక్కా, ఆ పిల్లకి ఎనిమిదో నెల."

"అందుకే చెప్తా ఉండా. బిడ్డ పుడితే ఇంకా నీళ్లు. నువ్వు ఊరికే ఉండు కోదండం. కప్పు ఊడి నెత్తిన పడినా, పాపం సున్నానికి దెబ్బ తగిలిందేమో అంటావు నువ్వు."

ఆ మర్నాటి నుంచి పుష్పవల్లి స్నానానికి కిందికి దిగడం మొదలుపెట్టింది. పెరట్లో బావి పక్కన తడికెల చాటుంది. ఒక చేత్తో పిట్టగోడ, ఇంకో చేత్తో నడుము పట్టుకుని దిగేది. వెనకాలే చెంగమ్మగారు బకెట్టుతో, "మెల్లంగా తల్లీ, ఆడ నాచుంది" అంటూ వచ్చేది. ఆ నెల చివర ఇల్లెక్కడ దొరుకుతుందని నేను అడగలేకపోయాను. దొరకలేదని వాళ్ల ముఖాల మీదే కనిపించేది.

ఆ వారమంతా మేడమీద ఎవరూ స్నానం చేయలేదు. శుక్రవారం తెల్లారేసరికి కప్పు మాత్రం తడిసింది.

అప్పుడు నాకు కుతూహలం పుట్టింది. మేస్త్రీని పిలిస్తే, ఆయన గడప దాటకుండానే, అంతా పగలగొట్టి కొత్తగా వెయ్యాలన్నాడు. నేను కాలేజీలో కెమిస్ట్రీ చదివి, తర్వాత ఉప్పు మండీలో లెక్కలు రాసి రిటైరయినవాణ్ణి. ఇన్నేళ్లకు ఆ చదువు పనికొచ్చే ఘడియ వచ్చిందనుకున్నాను. కుమ్మరి దగ్గర బంకమన్ను తెచ్చి, వాళ్ల స్నానాల గదిని అడ్డంగా రెండు మడులు చేస్తూ గట్టు వేశాను.

చెంగమ్మగారు తలుపు దగ్గర నిలబడి చూసింది. "ఏంది అన్నా, ఈడ నాట్లు వేస్తారా?"

"ముందు నీళ్లు పెట్టి చూస్తానమ్మా. నిలిస్తే వేస్తాను."

లోపల గదిలో పుష్పవల్లి పకపకా నవ్వింది. ఖాళీ చేయమన్నాక ఆ పిల్ల నవ్వు వినడం అదే మొదటిసారి.

తలుపు వైపు మడిలో నీళ్లు నింపి, ఒక రాత్రి వదిలేశాను. కింద కప్పు పొడిగానే ఉంది. మర్నాడు కొళాయి వైపు నింపాను. తెల్లారి లేచి చూస్తే నా మంచం పైన కప్పు మీద మరక నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. బుధవారం నాడు శుక్రవారపు చెమ్మ! తడిసిన కప్పును చూసి అంత సంతోషించినవాడు మద్రాసులో ఇంకొకడు ఉండడు.

మెట్లెక్కి వెళ్లి, నీళ్లు తోడేసి, కొళాయి కింద మోకాళ్ల మీద కూర్చున్నాను. గదిలో మిగతాచోట్ల టైల్సు మధ్య వైట్ సిమెంటు గీతలు గట్టిగానే ఉన్నాయి. కొళాయి కింద మూలలో మాత్రం గీత లేదు, సందు ఉంది. పిన్నీసు పెడితే తల దాకా దిగింది. బయటికి లాగితే దాని మొనకు గోధుమరంగు పీచు ఒకటి తగులుకుని వచ్చింది. వాసన చూశాను. చింతపండు.

"చెంగమ్మగారూ, ఈ మూల చింతపండుతో ఏమైనా తోముతారా?"

ఆమె కొంగు సర్దుకుంది.

"చెప్పెయ్యండత్తా," అంది పుష్పవల్లి. "ఇల్లే పోతా ఉంటే ఇంకేం దాచిపెట్టేది?"

"మీ దీపాలే అన్నా," అంది చెంగమ్మగారు.

నాకు అర్థం కాలేదు.

"హైమమ్మ ఉన్నప్పుడు ఆ కుందులు ఎట్టా మెరస్తా ఉండె! ఆయమ్మ పోయినాక మీ పనిమనిషి కన్నియమ్మ బూడిదతో ఒక రుద్దు రుద్ది పెట్టేసేది. చూసేదానికి మనసొప్పలే. బేస్తవారం సాయంత్రం మీరు సముద్రం కాడికి పోతారు గదా, అప్పుడు కన్నియమ్మ తెచ్చిస్తాది. నేను తోమి పంపిస్తా. మిగిలిన పులుసుతో ఈ తెల్ల గీతలు కూడా రుద్దేది. నల్లబడితే ఓనరమ్మ అరుస్తాది అని."

ప్రతి శుక్రవారం పొద్దున దీపం వెలిగిస్తూ నేను పనిమనిషి కన్నియమ్మను మెచ్చుకునేవాణ్ణి. ఆమె నవ్వి ఊరుకునేది. ఆ రోజు అడిగితే, "నేను తోమినానని ఎప్పుడన్నా చెప్పినానా సార్? మీరు పొగిడినారు, నేను నవ్వినాను" అంది.

చింతపండు పులుపుకు ఇత్తడి చిలుం పోతుంది. అదే పులుపు సిమెంటులో ఉన్న సున్నాన్ని తింటుంది. గీతలు తెల్లబడుతున్నాయని ఆమె అనుకున్న ప్రతిసారీ అవి కాస్త కరిగాయి. స్నానం నీళ్లు తూము వైపు జారిపోయేవి; తోమేటప్పుడే ఆ మూల నీళ్లు నిలిచేవి. నా దీపాలు కడిగిన నీళ్లే వారం వారం నా గదిలోకి దిగాయి. ఈ మాట చెప్తే చెంగమ్మగారు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయితే మేమే చేసినాం గదన్నా. ఓనరమ్మ చెప్పింది సరే."

"గీత పోతే గీత పెట్టుకుందాం. దానికి ఇల్లెందుకు ఖాళీ చేయడం?"

విరిగిన రంపం ముక్కతో సందులు గీకి, పొడి ఊడ్చి, తడిపాం. వైట్ సిమెంటు ముద్దగా కలిపి నేను పెడుతుంటే, చెంగమ్మగారు బొటనవేలితో లోపలికి నొక్కేది. ముగ్గులు వేసిన వేలు, గీత వంకర పోలేదు. పుష్పవల్లి గడప మీద కూర్చుని, "ఆడ వదిలేసినారు, ఈడ వదిలేసినారు" అని మేనేజరు పని చేసింది. పైపైన తడిగుడ్డతో తుడిచి, గోనెసంచి తడిపి కప్పాం. గట్టిపడి బాగా ఆరాక, సందుల మీద కొవ్వొత్తి ముక్క అరగదీశాను. నీళ్లు పోస్తే ముత్యాల్లా నిలిచి, తూము వైపు జారిపోయాయి.

నెలాఖరు శుక్రవారం అక్క వచ్చింది. నేరుగా నా గదిలోకి వెళ్లి, తల ఎత్తి చాలాసేపు చూసింది.

"ఆరిపోయింది! ఖాళీ చెయ్యమంటే గానీ బుద్ధి రాలేదు వాళ్లకి."

"రాత్రి పైన నీళ్లు నింపి ఉంచానక్కా. అయినా దిగలేదు." మడుల దగ్గర నుంచి కొవ్వొత్తి దాకా అంతా చెప్పాను. దీపాల మాట చివర చెప్పాను.

అక్క దేవుడి గూటి దగ్గరికి వెళ్లింది. కుందుల్లో ఒకటి చేతికి తీసుకుని, తిప్పి అడుగు చూసింది. అక్క ఎప్పుడూ అడుగే చూస్తుంది. పైభాగం ఎవరైనా తోముతారంటుంది. ఈ కుందికి అడుగు కూడా మెరుస్తోంది. దాన్ని మెల్లగా పెట్టి, మెట్ల దగ్గరికి పోయి పైకి కేకేసింది.

"ఓ చెంగమ్మా! నా ఇంట్లో వెంకటాచలపతి దీపం ఒకటుంది, పంపిస్తా. ఆ టైల్సు మీద చింతపండు పెడితే మాత్రం చూడు! కింద బాయి కాడ తోము!"

చెంగమ్మగారు పై మెట్టు దగ్గరికి వచ్చి వంగి చూసింది. "అంటే... మేము ఉండొచ్చునా అమ్మా?"

"లేకపోతే దీపం ఏ అడ్రసుకి పంపేది? అబ్బాయిని ఆడ ఈడ ఇల్లు వెతికింది చాలనుకోమను. ఆ అమ్మిని ఇంక మెట్లు దిగనియ్యొద్దు."

ఆ మధ్యాహ్నం నేను మంచం మీద పడుకున్నాను. పైన బకెట్టు ఈడ్చిన చప్పుడయింది. తర్వాత చెంబుతో నీళ్లు పోసుకుంటున్న చప్పుడు. పుష్పవల్లి తలకి పోసుకుంటోంది. నేను కప్పుకేసి చూస్తూ, ఒక్కో చెంబూ వింటూ ఉన్నాను. మరక పొడిగానే ఉంది.