వదిన వంతు

షర్టులు కుట్టే ఆ వర్క్‌షాపులో ఒక లైనుకు పెద్దగా ఒకరు కావాల్సి వచ్చింది. కొత్తగా బేరం కుదిరిన కంపెనీ మనుషులు వచ్చి మిషన్ల మధ్య నిలబడి ఇంగ్లిషులో అడుగుతారట. అడిగిన ప్రతిదానికీ ఆఫీసులోకి పరుగెత్తుకొచ్చే మనిషి తనకొద్దని యజమాని ముందే చెప్పేశాడు. పోటీకి నలుగురు నిలబడినా, పనితనం చూస్తే ఇద్దరే తేలారు. కాలర్లు కుట్టే వదిన, కఫ్‌లు కుట్టే కళ్లజోడక్క.

మరిది అక్కడే ఆఫీసులో గుమస్తా. ఆ ఇంట్లో డిగ్రీ దాకా చదివినవాడు అతనొక్కడే. మందుసీసా మీద రాసిందీ, కరెంటాఫీసు వాళ్లు పంపిందీ అతనే చదివి చెప్పాలి. అందుకని ఇంట్లోకి ఇంగ్లిషు ఏ రూపంలో వచ్చినా ముందు తానే ఎదురెళ్లాలనుకునేవాడు. అందులో గర్వం లేదు. అది తన వంతు పని అనుకున్నాడు, అంతే.

ఎంపిక చేసే బాధ్యత శిక్షణ మేడమ్‌కు అప్పగించారు. ఆవిడ కొన్నేళ్లు జపానులో పనిచేసి వచ్చింది. పరీక్ష పెడితే వచ్చిన మాట కూడా గొంతులోనే ఉండిపోతుందని, అక్కడి పిల్లలు వాళ్ల భాషలో ఆడుకునే ఆట ఒకటి ఇంగ్లిషులో ఆడిస్తానంది. ఒకరు ఒక మాట అంటే, దాని చివరి అక్షరంతో మొదలయ్యే మాట పక్కవాళ్లు అనాలి. అన్న మాట మళ్లీ అనకూడదు. ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు. కానీ ఒకరి వంతులో ఇంకొకరు నోరు మెదపకూడదు. సాయం అందితే, అందుకున్నవాళ్లే ఆటలోంచి లేవాలి. రేపు లైనులో ఎవరో వచ్చి అడిగితే పక్కన అందించేవాళ్లు ఉండరు కదా అంది.

అప్పట్నుంచి వంటింట్లో అదే ఆట. ఇంగ్లిషు మాటలు చాలావాటికి స్పెల్లింగు చివర ‘ఈ’ ఉంటుందని మరిది కనిపెట్టి, వదినకు ‘ఈ’తో మొదలయ్యేవి మూటగట్టి ఇచ్చాడు. ఎలిఫెంట్, ఎగ్, ఎల్బో. వదిన గిన్నెలో గరిటె తిప్పుతూ అప్పజెప్పేది.

“ఏనుగునీ గుడ్డునీ ఒకే సంచిలో వేస్తివి, గుడ్డు మిగులుతుందా మరిదీ?”

అన్న పడీపడీ నవ్వాడు. డిగ్రీ అయితే తెచ్చుకున్నాడు గానీ ఊడిన గుండీ కుట్టుకోవడం రాదు, వీడు నాకు పంతులా అని వదిన రోజూ ఒక చురక వేసేది. చురక వేస్తూనే నేర్చుకునేది. లైను పెద్ద అయితే పొద్దస్తమానం మిషను మీద వంగి కూర్చోనక్కర్లేదు. నడుమునొప్పితో గోడ పట్టుకుని లేవడం ఇంట్లో అందరూ చూస్తున్నదే.

భోజనాల గదిలో నలుగురిని గుండ్రంగా కూర్చోబెట్టారు. తక్కినవాళ్లు గుమ్మం దగ్గర గుమిగూడారు. వాళ్లు అనే ప్రతి మాటా బోర్డు మీద రాయమని మేడమ్ మరిదికి చెప్పింది.

కళ్లజోడక్క షర్ట్ అంది. ఇస్త్రీ ఆవిడ టేబుల్ అంది. వదిన తన మోచేయి తట్టి చూపిస్తూ ఎల్బో అనేసరికి గుమ్మం దగ్గర చప్పట్లు పడ్డాయి. గుండీలు కుట్టే పిల్ల వాటర్ అంది. రోడ్, డేట్. వదిన ఎగ్ అంది. గ్లాస్, స్టూల్. ఇస్త్రీ ఆవిడ కాసేపు వేళ్లు విరుచుకుని లారీ అంది.

వదినకు ‘వై’ వచ్చింది. మూటలో ‘వై’ లేదు.

వదిన ఫ్యాను వైపు చూసింది. పెదవులు కదిలాయి, ఆగాయి. మరిదిగారి కాలేజీకి ఇవాళ సెలవేమో అని గుమ్మం దగ్గర ఎవరో అన్నారు. నవ్వులు. మరిది చెవులు వేడెక్కాయి. వదిన ముఖంలో కంగారేమీ లేదు. అది అతను తరవాత గుర్తు చేసుకున్నాడు. అప్పుడు మాత్రం ఆ నవ్వులు ఆపాలన్నదొక్కటే తోచింది. బోర్డు వైపు తిరిగి ‘ఎల్లో’ అని రాసేశాడు.

“ఎల్లో అందండీ మా వదిన. మెల్లగా అంది, నాకు వినపడింది.”

మేడమ్ గుమ్మం దగ్గరివాళ్లను ఊరుకోబెడుతూ అటు తిరిగి ఉంది. ఇటు తిరిగి, అన్నారా అని వదినను అడిగింది. తల ఊపితే చాలు. వదిన బోర్డు వంక చూసింది. మరిది వంక చూసింది.

“లేదండీ. నేనింకా ఏమీ అనలేదు. ఆలోచిస్తున్నా.”

మేడమ్ కోప్పడలేదు. నియమం నియమమే అని మెత్తగా చెప్పి లేవమంది. వదిన లేచి, కుర్చీ చప్పుడు కాకుండా వెనక్కి జరిపి, గోడ దగ్గరకు వెళ్లి నిలబడింది. ఆట అయిపోలేదు. మిగిలినవాళ్ల మాటలన్నీ చివరిదాకా మరిదే రాయాల్సి వచ్చింది. వెనక నుంచి వదిన ఆ అక్షరాలు చూస్తోందని తెలుసు. తల తిప్పలేకపోయాడు. కళ్లజోడక్క పేరు ప్రకటించినప్పుడు చప్పట్లు కొట్టిన మొదటి మనిషి వదినే.

సాయంత్రం అన్న అడిగితే ‘వై’ దగ్గర ఆగిపోయానంది వదిన. బోర్డు సంగతి ఎత్తలేదు. అన్న ఓదార్చబోయి, పాపం వీడు మాత్రం అంత కష్టపడి నేర్పాడన్నాడు. మరిది కంచం పక్కకు జరిపాడు.

“ఆగిపోలేదన్నయ్యా. నేనే ఆపేశాను.”

జరిగింది చెప్పాడు. అన్నకు అందులో తప్పేమిటో వెంటనే అందలేదు. సాయమే కదరా చేశావు అన్నాడు. ఆ మాటకు మరిది మరింత కుంగిపోయాడు. రేపు మేడమ్ దగ్గరకెళ్లి తప్పు తనదేనని చెప్పి, వదినకు ఇంకో అవకాశం ఇమ్మని అడుగుతానన్నాడు.

“అక్కడా నా తరఫున నువ్వే మాట్లాడతావా?” అంది వదిన.

గొంతు పెద్దది చెయ్యలేదు. కంచాలు తీస్తూ, అతని ముఖం చూడకుండానే అంది.

“ఏదో ఒకటి తట్టేదో, తట్టకపోయేదో. తట్టకపోతే నేనే లేచి పక్కకు వచ్చేదాన్ని. గుమ్మం దగ్గర వాళ్లు నవ్వితే నాకేం, రోజూ నవ్వుతారు, నేనూ వాళ్లను చూసి నవ్వుతాను. కానీ దీనికి రాదులే అని అందరికంటే ముందు అనుకుంది నువ్వు. ఇన్నాళ్లూ పక్కన కూర్చుని నేర్పినవాడివి.”

అలా అనుకోలేదు అనబోయాడు. నోటిదాకా వచ్చింది గానీ అబద్ధమని తెలిసి ఊరుకున్నాడు. రాదనే అనుకున్నాడు. అంతకంటే ముందు, తన పరువు గురించి అనుకున్నాడు. క్షమించమనడానికి కూడా సరైన మాట దొరకలేదు. తెలుగులోనే దొరకలేదు.

వదిన చీపురు తెచ్చి, కాళ్లు తియ్యమంది. అతను లేచి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆమె కింద పడ్డ మెతుకులన్నీ ఊడ్చేదాకా అక్కడే ఉన్నాడు.