పొట్టు డీజిల్

గంగాధరప్ప కెమిస్ట్రీ లెక్చరర్. కాలేజీ వదలగానే పెరట్లోకి చేరి, మూత బిగించిన డ్రమ్ములో వేరుశనగ పొట్టు మాడ్చేవాడు. మొదట్లో వచ్చిన నూనె తారులా నల్లగా, ముక్కు బద్దలయ్యే పులుపు వాసనతో ఉండేది. తర్వాత ఆ ఆవిరిని, కాల్చిన బంకమట్టి ఉండలు నింపిన వేడి గొట్టంలోంచి పంపాడు. అప్పుడు తేనెరంగు నూనె పలచగా కారింది. పెళ్లి కుదిర్చిన పెద్దమనిషిలా మట్టి తన పని చేసి పక్కకు తప్పుకుంటుందట.

"దీంతో బావి ఇంజను ఆడిస్తా బావా, నీది ఒక్కపూట ఇయ్యి," అని భార్య అన్న శ్రీరంగప్పను అడిగాడు.

"రేపు నా ఎద్దులకు కాఫీ తాపుతానంటావా ఏమప్పా? నా ఇంజను డీజిల్ తప్ప ముట్టదు."

ఆ వేసవిలో ఉరవకొండ బంకుల్లో డీజిల్ కరువైంది. శ్రీరంగప్ప బావి కింద వేరుశనగకు ఊడలు దిగుతున్నాయి. ఒక్క తడి పడకపోతే కాయ పట్టదు. ఆయన ఖాళీ డబ్బాతో వచ్చి చెల్లెలు హనుమంతమ్మ గుమ్మంలో కూలబడ్డాడు.

"పంటంతా పోతాదమ్మీ. డీజిల్ యాడా లేదు."

"నాకు తెలిసినోళ్లు ఉండారులే అన్నా. డబ్బా ఈడ పెట్టిపో."

వాసన చూడనిదే అన్న దేన్నీ నమ్మడని ఆమెకు తెలుసు. భర్త కూడబెట్టిన నూనెనంతా నాలుగు మడతల గుడ్డలో వడగట్టి డబ్బాలో పోసి, మూతి చుట్టూ కిరసనాయిలు పూసింది. ఇంజను చెడితే అన్న మొహం ఎలా చూడాలన్న భయం ఉన్నా చెయ్యి ఆగలేదు.

సాయంత్రం శ్రీరంగప్ప డబ్బా మూతి వాసన చూశాడు. "కిరసనాయిలు కలిపినారు దొంగలు! అయినా డీజిలే."

ఇంజను రెండుసార్లు దగ్గి, అందుకుంది. కాలవలో నీళ్లు పడ్డాయి. పక్క చేను ఆదెన్న ముక్కు ఎగబీల్చాడు.

"నీ ఇంజను శెనక్కాయలు కాల్చుకొని తింటాండాదా అన్నా?"

"నోరు ముయ్యరా! మా చెల్లెలు పలుకుబడితో తెప్పించిన సరుకిది."

సగం చేను తడిసేసరికి డబ్బా ఖాళీ అయింది. శ్రీరంగప్ప ఆ డబ్బాతోనే చెల్లెలింటికి పరుగెత్తాడు. అక్కడ గంగాధరప్ప ఖాళీ జాడీలు ముందేసుకుని గోల చేస్తున్నాడు.

"ఎవడు తాగినాడే నా నూనె!"

హనుమంతమ్మ చాటలోంచి తలెత్తలేదు. "తాగిన ఇంజను తాలూకు మనిషి వచ్చినాడు, అడుగు."

శ్రీరంగప్ప మళ్లీ డబ్బా వాసన చూసి, పెరటి పొగ పీల్చి, చెల్లెలి వైపు తిరిగాడు. "నన్నే మోసం చేస్తివా అమ్మీ?"

"డీజిలని నేనంటినా? తెలిసినోళ్లు ఉండారంటి. మీ బావ నాకు తెలియనోడా?"

గంగాధరప్ప చెవికి ఒక్క సంగతే ఎక్కింది. "ఆడిందా? ఎంతసేపు? పొగ ఏ రంగు?"

"రంగు తర్వాత బావా! నా సగం చేను ఎండుతాండాది. ఇంకో డబ్బాకు పొట్టెంత కావాల?"

"బండెడు."

శ్రీరంగప్ప దగ్గర గంపెడు కూడా లేదు. బండ్లకొద్దీ పొట్టు ఉన్నది ఆదెన్న కళ్లంలోనే. ఆ ఆదెన్నే అప్పుడు ఖాళీ డబ్బా చంకన పెట్టుకుని వాకిట్లోకి వచ్చాడు.

"అక్కా, ఆ పలుకుబడి మాకూ కొంచెం..."

హనుమంతమ్మ అన్నకేసి చూసింది.

"డబ్బా ఆడ పెట్టి, బండి కట్టు ఆదెన్నా," అన్నాడు శ్రీరంగప్ప. "దావలో చెప్తా. నవ్వితే మాత్రం తంతా."