అవతలి వాళ్ళ స్టాండులో సీట్లు

బస్సు డిపోలో ఏ డ్రైవరు ఏ బండి ఎక్కాలో, ఏ కండక్టరు ఏ రూటుకి వెళ్ళాలో చార్టు రాసి గోడకి అంటించే ఉద్యోగం ఆమెది. అందుకే డిపోలో అందరూ ఆమెని చార్టమ్మ అంటారు. ఆ పేరు ఎలా పాకిందో గానీ ఇంటిదాకా పాకింది. పేరు పాకినందుకు ఆమెకేమీ బాధ లేదు. పేరు వెంట ఉద్యోగం కూడా వచ్చి ఇంట్లో తిష్ట వేసుకోవడమే బాధ. చుట్టాల్లో ఎవరిని ఆసుపత్రికి తీసుకెళ్ళాలన్నా, ఎవరు ఇల్లు మారాలన్నా, అందరి నోటా ఒకటే మాట: "చార్టమ్మ ఉందిగా."

కాబట్టి తమ దేశం ఫుట్‌బాల్ జట్టు ఎన్నో ఏళ్ళ తర్వాత పెద్ద పోటీకి అర్హత సాధించిన సాయంత్రం, హాల్లో అందరూ ఎగిరి గంతులేస్తుంటే, వాళ్ళతో పాటు గంతేస్తూనే ఆమె గతుక్కుమంది. మొదటి ఆట పొరుగు దేశంలో, ఆ దేశం జట్టుతోనే. వీళ్ళంతా కాళ్ళు నేల మీద ఆనించగానే తనవైపు తిరుగుతారని ఆమెకి తెలుసు. తిరిగారు.

"ఈసారి వెళ్ళి చూడాల్సిందే అమ్మాయ్," అన్నారు మామగారు. ఆయన లిఫ్టు మెకానిక్కుగా పనిచేసి రిటైరయ్యారు. వయసులో ఉన్నప్పుడు కంపెనీ జట్టుకి గోల్‌కీపరు.

"రూట్లు వేసేది నువ్వే కదా వదినా, నీకిదెంత?" అన్నాడు మరిది. అతను రంగుల దుకాణంలో పెయింట్లు కలుపుతాడు.

ఆడపడుచు భర్త కాసేపు గడ్డం గోక్కుని, "చూద్దాం," అన్నాడు. పెళ్ళికి ఒప్పుకోమన్నప్పుడు కూడా ఆయన ఇదే మాట అన్నాడట. అందుకే ఇంట్లో ఆయన పేరు చూద్దాంగారు.

చార్టమ్మ భర్త మాత్రం ఆట మొదలైన కాసేపటికే గురక పెట్టే రకం. "మీరు వెళ్ళిరండి, నేను ఇల్లు చూసుకుంటా," అని సులువుగా తప్పుకున్నాడు. ఆమెకి తప్పుకునే దారి లేదు, తప్పుకోవాలనీ లేదు. స్కూలు జట్టులో ఆమె బంతితో మైదానం కుడివైపు అంచు పట్టుకుని పరిగెత్తితే ఎవరికీ అందేది కాదు. ఆ ఆటంటే ఆమెకీ ప్రాణమే. "సరే," అంది. ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత తనని తాను తిట్టుకోని రోజు లేదు.

ముందు మామగారితో మొదలైంది. ఆయన విమానం ఎక్కనన్నారు.

"ఎందుకు మామయ్యగారూ? భయమా?"

"భయం కాదమ్మాయ్, అవగాహన. గాల్లో వేలాడే ఏ పెట్టెనీ నేను నమ్మను. జీవితమంతా వాటి బోల్టులు బిగించినవాణ్ణి."

అందుకని రైలు. రైలు సంగతి తేలేసరికి హోటలు దగ్గర పేచీ వచ్చింది. లిఫ్టు కూడా ఎక్కరు కాబట్టి ఆయనకి కింది అంతస్తులోనే గది కావాలి. ఆట ఉన్న వారంలో ఆ ఊళ్ళో హోటళ్ళన్నీ కిక్కిరిసి ఉన్నాయి. డ్రైవర్లు కిటికీ బయట నిలబడి "మా డ్యూటీ మారిందా?" అని అడుగుతుంటే, చార్టమ్మ ఫోను చెవికి ఆనించుకుని ఏదో పరాయి ఊరి హోటలాయనకి వచ్చీరాని భాషలో మెట్ల గురించి వివరించేది. ఆయన ఎంతో ఓపికగా విని, "మా లిఫ్టు చాలా కొత్తదండీ," అనేవాడు. చివరికి ఒకాయన దయతలచి కింది గది ఇస్తానన్నాడు.

ఇక చూద్దాంగారు. వస్తారా రారా అంటే చూద్దాం. కిటికీ పక్క సీటు కావాలా అంటే చూద్దాం. పాస్‌పోర్టు గడువు ఉందా అంటే కూడా చూద్దామే. ఆ మాట వినగానే చార్టమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. "చూద్దాం కాదు అన్నయ్యగారూ, ఇప్పుడే, నేను లైన్లో ఉండగానే బీరువా తెరిచి చూడండి," అంది. ఆయన తెరిచాడు. పాస్‌పోర్టు దొరకలేదు గానీ ఎప్పుడో పోయిన కళ్ళద్దాలు దొరికాయి. ఆ సంతోషంలో అసలు సంగతి మరిచిపోయి ఫోను పెట్టేశాడు. ఆడపడుచు పూనుకుని మర్నాడు ఇల్లంతా తిరగేస్తే గాని పాస్‌పోర్టు బయటపడలేదు.

ఇన్ని తలనొప్పుల మధ్య మరిది ఒక్కడే ఆమె కష్టం గుర్తించినట్టు మాట్లాడాడు. "వదినా, ఆట టికెట్ల సంగతి నాకొదిలెయ్. నువ్వు అలిసిపోయావు," అన్నాడు. ఆ మాటకి చార్టమ్మకి కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంత బుద్ధిమంతుణ్ణి ఇన్నాళ్ళూ తక్కువగా అంచనా వేశానే అనుకుంది.

టికెట్లు ఆమె ఫోనుకి వచ్చినప్పుడు డిపో క్యాంటీన్లో టీ తాగుతోంది. సీట్ల బొమ్మ చూసింది. ఫోను అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. ఎదురుగా కూర్చున్న డ్రైవరుకి చూపించింది, తన కళ్ళే మోసం చేస్తున్నాయేమోనని.

డ్రైవరు ఒక్క చూపు చూసి పకపకా నవ్వాడు. "ఇది అవతలి జట్టు అభిమానులు కూర్చునే స్టాండు కదా చార్టమ్మా! మీరెప్పుడు పార్టీ మార్చారు?"

ఆమె టీ అక్కడే వదిలేసి బయటికొచ్చి మరిదికి ఫోను చేసింది.

"అక్కడ సీట్లు ఖాళీగా కనిపించాయి వదినా, గబగబా నొక్కేశాను," అన్నాడు అతను నీళ్ళు నములుతూ. "గోలు వెనకాలే, మంచి చోటు."

"మంచి చోటే. వాళ్ళకి! మార్చు."

"మార్చడానికి వీల్లేదట."

"పోనీ, అక్కడ మనం అరవచ్చా?"

మరిది గొంతు తగ్గించాడు. "ఆ స్టాండులోకి మన జట్టు చొక్కాలతో రాకూడదని కింద చిన్న అక్షరాల్లో ఉంది. అరిస్తే బయటికి పంపినా పంపుతారట."

ఆ సాయంత్రం చార్టమ్మ ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పేసింది. "నేను రాను. మీకు కావలసిన రైలు మీరే చూసుకోండి, మెట్లు మీరే ఎక్కండి. నా వల్ల కాదు." చెప్పి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. "కాస్త నెమ్మదించాక చూద్దాం," అన్న మాట బయటినుంచి వినిపించి, ఆమె దిండుకి ముఖం అదిమి పళ్ళు నూరింది.

మర్నాడు మధ్యాహ్నం మామగారు డిపోకి వచ్చారు. అంతకుముందెప్పుడూ ఆయన అక్కడికి రాలేదు. ఆమె గదిలో బల్ల మీద కూర్చుని, గోడ మీది చార్టు చాలాసేపు చదివారు. బతిమాలతారేమో, కనీసం చిన్నకొడుకుని నాలుగు తిడతారేమో అని ఎదురుచూసింది చార్టమ్మ. ఆయన ఆ రెండూ చెయ్యలేదు.

"అది గోలు వెనకాల సీటు కదూ?" అన్నారు.

"అవును."

"ఒక సగమైనా మనవాళ్ళు అటే కొట్టాలి. వాళ్ళ కీపరు మనకి ఎదురుగా, ఇంత దగ్గర్లో ఉంటాడు." చేతులు చాచి చూపించారు. "నేనెప్పుడూ వలకి ఇవతలే ఉన్నాను అమ్మాయ్. వెనకనుంచి ఎలా ఉంటుందో చూడనేలేదు."

చార్టమ్మకి కోపం పూర్తిగా పోలేదు. కానీ ఎదురుగా ఉన్న మనిషి కళ్ళు స్కూలు పిల్లాడిలా మెరుస్తుంటే ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. "అరవకుండా కూర్చోగలరా?" అంది.

"ప్రయత్నిస్తా," అన్నారాయన, నమ్మకం లేని గొంతుతో.

వెళ్ళారు. రైల్లో చెప్పుకోదగ్గ ఉపద్రవాలేవీ జరగలేదు. హోటల్లో జరిగింది. కింది గది ఇస్తానన్న పెద్దమనిషి ఆ రోజు సెలవు. ఉన్న గదులన్నీ పైన, పై కప్పుకి దగ్గరగా. మామగారు తిన్నగా మెట్లవైపు నడిచారు. ఆయన వెనకాలే బ్యాగులు మోసుకుంటూ చార్టమ్మ. ప్రతి మలుపు దగ్గరా ఆయన ఆగి, గోడ పట్టుకుని, "నువ్వు లిఫ్టులో పోవచ్చుగా," అనేవారు. "మిమ్మల్ని వదిలేసి ఎలా పోతాను?" అని ఆమె కసురుకునేది. పైకి చేరేసరికి, లిఫ్టులో హాయిగా వచ్చిన చూద్దాంగారు గుమ్మంలో నిలబడి, "మెట్లు బాగున్నాయా చెల్లెమ్మా?" అని పలకరించాడు. ఆమె బ్యాగులు ఆయన కాళ్ళ దగ్గర దబ్బున పడేసింది. నోరు తెరిస్తే ఏమొస్తుందో ఆమెకే తెలియదు.

స్టేడియంలో చుట్టూ అవతలి వాళ్ళ రంగులే. ఆ రంగుల మధ్య వీళ్ళు నలుగురూ బూడిదరంగు కోట్లు వేసుకుని, ఏదో సంతాపసభకి వచ్చినవాళ్ళలా కూర్చున్నారు. మరిది కోటు లోపల తమ జట్టు చొక్కా వేసుకుని, గుండీలు మెడదాకా పెట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. పక్క సీటు పెద్దాయన ఊదిన బూర నేరుగా చార్టమ్మ చెవిలోకే వచ్చేది. ఆయన నవ్వితే ఆమె కూడా నవ్వాల్సి వచ్చేది. తమవాళ్ళు బంతి పట్టుకుని ముందుకి ఉరికినప్పుడల్లా ఆమె తన మోకాలు తానే గిల్లుకునేది.

రెండో సగం మొదలయ్యాక చూద్దాంగారు టీ తెస్తానని లేచాడు. ఎంతకీ రాలేదు. ఫోను ఎత్తలేదు. అప్పుడే ఆట పాకాన పడింది. తమ జట్టు ఇటువైపే దాడి చేస్తోంది. మామగారు చెప్పినట్టే అవతలి కీపరు ఎదురుగా, అతని వీపు మీది చెమట మరక కూడా కనిపించేంత దగ్గరగా ఉన్నాడు.

మామగారు కళ్ళు ఆట మీదనుంచి తిప్పకుండానే అన్నారు. "అమ్మాయ్, అల్లుడుగారేమైపోయారో ఒకసారి చూసి రామ్మా. ఊరుకాని ఊరు. తప్పిపోతే నా కూతురికేం చెప్పుకోను?"

"నేనా? మీ అబ్బాయి ఉన్నాడుగా!"

"వాడు వెతకడానికి పోతే వాణ్ణి ఇంకొకళ్ళు వెతకాలి."

అది కాదనలేని మాట. చార్టమ్మ లేచింది. వరసలోవాళ్ళ మోకాళ్ళు తప్పించుకుంటూ, వెనక్కి చూసుకుంటూ మెట్లు దిగింది. కింద వసారాలో టీ కొట్ల దగ్గర చూద్దాంగారు నిక్షేపంగా ఉన్నాడు. పక్కపక్కనే రెండు వరసలున్నాయి. ఏది తొందరగా కదులుతుందో తేల్చుకోలేక రెండింటి మధ్యా నిలబడి ఉన్నాడు.

"అన్నయ్యగారూ!"

"వచ్చావా చెల్లెమ్మా, ఈ వరసలో నిలబడు, నేను ఆ వరసలో..."

అప్పుడు జరిగింది. నెత్తిమీద స్టాండంతా అదరగొడుతున్న హోరు ఒక్కసారిగా తెగిపోయింది. బూరలు ఆగిపోయాయి. ఎవరి చేతిలోనుంచో కప్పు జారి నేల మీద దొర్లిన చప్పుడు కూడా వినిపించింది. ఆ తర్వాత ఎంతో దూరంనుంచి, మైదానానికి ఆ చివరినుంచి, సన్నగా, ఆగకుండా ఒక కేక. తమవాళ్ళ కేక.

చార్టమ్మకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. నెలల తరబడి ఫోన్లు, రైళ్ళు, మెట్లు, పాస్‌పోర్టులు, అన్నీ దేనికోసమో అది తన నెత్తిమీద జరిగిపోయింది. తను టీ కొట్టు ముందు ఉంది.

"ఏదో అయినట్టుంది," అన్నాడు చూద్దాంగారు.

ఆమె ఏడవలేదు, అరవలేదు. ఆయన చేతిలోని ఖాళీ ట్రే లాక్కుని, అక్కడున్న బల్ల మీద గట్టిగా కొట్టింది. వరసలోవాళ్ళు ఆమెకేసి జాలిగా చూశారు, తమ మనిషే బాధపడుతోందనుకుని. ఒకావిడ భుజం తట్టి ఓదార్చింది కూడా. ఆ ఓదార్పుకి తల ఊపక తప్పలేదు.

మళ్ళీ గోలు పడలేదు. తమ జట్టు గెలిచింది. చుట్టూ ఉన్నవాళ్ళు ముఖాలు వేలాడేసుకుని వెళ్ళిపోతుంటే, వీళ్ళు కూడా తలలు వంచుకుని నడిచారు. రైల్వే స్టేషన్ వీధి మలుపు తిరిగాకే మరిది కోటు గుండీలు విప్పి కేక పెట్టాడు. చార్టమ్మ పెట్టలేదు. దారిలో ఆ గోలుని ఫోనులో మళ్ళీ మళ్ళీ చూసింది. అరచేతిలోని తెర మీద చీమలు పాకినట్టుంది తప్ప, ఒంట్లో ఏమీ కదల్లేదు.

మర్నాడు పొద్దున హోటలు కింద టిఫిన్ల దగ్గర ఆమె ముఖం ముటముటలాడుతూనే ఉంది. మరిది గోలుని వర్ణించబోయాడు. "అదిగో అటునుంచి వచ్చాడు వదినా, ఇలా తిప్పి, అలా..."

"నువ్వు నోరు ముయ్," అంది.

మామగారు తన కప్పు ఖాళీ చేసి, దాన్ని బల్ల మధ్యలో బోర్లించారు. "ఇది కీపరు," అన్నారు. ఉప్పు డబ్బా జరిపి, "ఇది మనవాడు," అన్నారు. "బంతి ఇక్కడ. ఇప్పుడు నువ్వు నా సీట్లో ఉన్నావు, కీపరు వెనకాల. వాడి మడమలు చూస్తున్నావు. రెండు మడమలూ లేచాయి. అంటే ఏంటి?"

"బయటికి రాబోతున్నాడు," అంది చార్టమ్మ, వద్దనుకుంటూనే.

"రాకూడదు! కాస్త ఆగితే బంతి వాడి కాళ్ళ దగ్గరికే వచ్చేది. వెనకనుంచి నాకు స్పష్టంగా కనిపిస్తోంది. ఆగరా, ఆగు అని నా నోటిదాకా వచ్చేసింది."

ఆమె తలెత్తి చూసింది. "ఎవరికి? వాళ్ళ కీపరుకా?"

ఆయన ముఖం కొద్దిగా ఎర్రబడింది. "అరవలేదనుకో. కానీ లేచి నిలబడ్డాను. వాడు వచ్చాడు, మనవాడు వాడి తల పైనుంచి బంతి వేశాడు, అయిపోయింది. మీ మరిదేమో కోటు లోపల ముఖం పెట్టుకుని నవ్వుతున్నాడు. నేను ఆ పిల్లాడి వీపు చూస్తూ ఉండిపోయాను. వల పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు పాపం. ఆ కాసేపు ఎలా ఉంటుందో నాకు తెలుసు."

చార్టమ్మ బల్లవైపు చూసింది. ఉప్పు డబ్బా వేళ్ళతో పట్టుకుని కాస్త పక్కకి జరిపింది.

"కాదు మామయ్యగారూ. వాడు ఆగినా లాభం లేదు. మనవాడు ఇలా అంచుకి లాక్కుని, ఈ మూలకి కొట్టేవాడు. నేనైతే అదే చేసేదాన్ని."

"ఆ మూలకా? కీపరు ఆగి ఉంటే ఆ మూల ఉండదమ్మాయ్!"

"ఎందుకుండదు? చూడండి."

హోటలు మనిషి వచ్చి కప్పులు తీసెయ్యబోతే ఇద్దరూ ఒకేసారి చెయ్యి అడ్డం పెట్టారు. మరిది కప్పు కూడా లాక్కుని, అందులో మిగిలిన టీ పక్క గిన్నెలో వంపేసి, చార్టమ్మ దాన్ని గోలు ముందు నిలబెట్టింది.

"ఇది మీ కుడివైపు డిఫెండరు. వీణ్ణెక్కడ పెట్టమంటారు?" అంది, కుర్చీ ముందుకి లాక్కుంటూ.